స్లాబు పడ్డాక తనిఖీ.. లోపలి లోపం ఎవరికెరుక?

* ఫొటోకు అందేది కొలతే.. బలం కాదు
* సెంట్రింగ్, ఇనుము దశకు బిల్లూ లేదు, పరిశీలనా లేదు
* పోతకు ముందు పరీక్ష ఉంటేనే పేదల ఇంటికి రక్ష

కొత్తగూడెం: ఇంటి నిర్మాణంలో వెనక్కి తీసుకోలేని అడుగు ఒక్కటే. అది స్లాబు పోత. గోడ వంకరగా లేస్తే విప్పి మళ్లీ కట్టవచ్చు. తలుపు బిగుసుకుంటే చిత్రిక పట్టవచ్చు. కాంక్రీటు పడి గట్టిపడిన తర్వాత మాత్రం అందులోని ఇనుము ఎంత ఉన్నదో, ఎక్కడ ఉన్నదో, బిళ్లల మీద నిలిచిందో లేక చెక్కకు అంటుకుపోయిందో చూసే వీలుండదు. అందుచేత కప్పును ఒకసారి పోతకు ముందు, మరొకసారి పోత తర్వాత పరిశీలించాలన్నది ఇంజినీరింగ్ శాస్త్రంలో ప్రాథమిక సూత్రం. ఇందిరమ్మ ఇళ్ల పథకంలో చెల్లింపుతో ముడిపడినది రెండో పరిశీలన మాత్రమే. మొదటిది మేస్త్రీ అనుభవానికి, ఇంటివారి అదృష్టానికి మిగిలిపోయింది. లక్షలాది పేద కుటుంబాలు జీవితంలో ఒక్కసారి కట్టుకునే ఇంటికి ఇది చిన్న లోటు కాదు.

బిల్లు కోసం పుట్టిన తనిఖీ

ఇందిరమ్మ ఇళ్ల పథకాన్ని ముఖ్యమంత్రి ఎ.రేవంత్‌రెడ్డి 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. 2025 సెప్టెంబరు 3న ఇదే జిల్లాలోని చంద్రుగొండ మండలం బెండాలపాడులో ఆయన చేతుల మీదుగా గృహప్రవేశాలు జరిగాయి. సొంత స్థలం ఉన్న పేదలకు రూ.5 లక్షల సాయం పథకం సారాంశం. అమలు మొదలైనప్పటి విభజన ప్రకారం పునాది పూర్తయితే రూ.లక్ష, గోడలు పైకప్పు ఎత్తుకు చేరితే రూ.1.25 లక్షలు, స్లాబు పడితే రూ.1.75 లక్షలు, ఇల్లు పూర్తయితే మరో రూ.లక్ష. విస్తీర్ణం 400 చదరపు అడుగులకు తగ్గరాదు, 600 చదరపు అడుగులు మించరాదు. ప్రతి దశలో యాప్‌లో ఫొటోలు ఎక్కాలి. స్థలం ఆనవాలు సరిపోలాలి. ఆ తర్వాతే సొమ్ము బ్యాంకు ఖాతాకు చేరుతుంది.

ఈ ఏర్పాటుకు చరిత్ర ఉన్నది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో మొదలైన ఇందిరమ్మ కార్యక్రమంలో కట్టని ఇళ్లకు బిల్లులు లేచాయన్న ఆరోపణలు వెల్లువెత్తాయి. రాష్ట్రం ఏర్పడిన 2014లో వాటిపై సీఐడీ విచారణకు ప్రభుత్వం ఆదేశించింది. కేంద్రం 2016లో తెచ్చిన ప్రధానమంత్రి గ్రామీణ ఆవాస్ యోజనలోనూ ఇదే కారణంతో ఫొటో, స్థలం ఆనవాలు తప్పనిసరి అయ్యాయి. అంటే నేటి తనిఖీ ప్రధానంగా అక్రమాన్ని అరికట్టడానికి రూపొందినది. ఇల్లు ఉన్నదా, ఉన్నచోటే ఉన్నదా, పరిమితిలో ఉన్నదా అన్న మూడు ప్రశ్నలకు అది చక్కగా జవాబు చెబుతుంది. ఇల్లు నిలుస్తుందా అన్న నాలుగో ప్రశ్నకు ఫొటోలో జవాబు దొరకదు. పై నుంచి నున్నగా కనిపించే స్లాబు ఫొటోలో మంచి స్లాబుకూ, చెడ్డ స్లాబుకూ తేడా ఉండదు.

నాడు కంటికి కనిపించేది

పూర్వపు పెంకుటింట్లో ఈ చిక్కు లేదు. దూలం, వాసం, దంతె అన్నీ కంటి ఎదుటే ఉండేవి. దూలం వంగినా, వాసానికి చెదలు పట్టినా, మూల నుంచి నీరు దిగినా పడుకున్నవారికి పైకి చూస్తే తెలిసేది. ఏజెన్సీ గ్రామాల్లో కోయ కుటుంబాలు నిలబెట్టుకునే నిట్రాళ్ల ఇళ్లలోనూ అంతే. ఏ కర్ర ఎంత బరువు మోస్తుందో ఊళ్లో పెద్దలకు తెలుసు. పాడైన కర్రను తీసి మరొకటి వేయడం వారికి రెండు రోజుల పని.

కాంక్రీటు ఇంటి స్వభావం వేరు. దాని ఎముకలు మాంసం లోపల దాగి ఉంటాయి. లోపం ఉన్నా ఐదేళ్లో పదేళ్లో బయటపడదు. బయటపడేనాటికి కప్పు అడుగున పెచ్చులు ఊడి తుప్పుపట్టిన సలాకలు కనిపిస్తాయి. అప్పుడు అతుకులు వేయడమే తప్ప మార్చడం సాధ్యం కాదు. కర్ర ఇంటి నుంచి కాంక్రీటు ఇంటికి మారిన సమాజం, కంటితో చేసే పరీక్షను కూడా పోతకు ముందటి ఘడియకు మార్చుకోవలసి ఉన్నది. ఆ మార్పు జరగలేదు.

12 టన్నులు.. కర్రల మీద

స్లాబు పోసే రోజున కప్పు తన బరువును తాను మోయలేదు. ఆ రోజుకు, ఆ తర్వాత కొన్ని రోజులకు దానిని మోసేది సెంట్రింగ్. లెక్క వేస్తే విషయం బోధపడుతుంది. 400 చదరపు అడుగుల కప్పును 5 అంగుళాల మందాన పోస్తే ఇనుముతో కలిపి కాంక్రీటు బరువు దాదాపు 12 టన్నులు. చదరపు అడుగుకు సుమారు 29 కిలోలు. మూడడుగులకు ఒక కర్ర చొప్పున నిలిపితే ఒక్కో కర్ర మీద 260 కిలోలకు పైగా పడుతుంది. తట్టలతో నడిచే కూలీల బరువు, ఒకేచోట కుప్పపోసిన కాంక్రీటు బరువు దీనికి అదనం. ఒక కర్ర జారితే దాని వంతు పక్క కర్రలపై పడుతుంది. అవీ బలహీనమైనవైతే కప్పు మొత్తం కుంగుతుంది.

జిల్లాలో కర్రకు కరవు లేదు. సారపాక కాగితపు మిల్లుకు తరలే జామాయిల్, సుబాబుల్ తోటలు మండలమండలానా కనిపిస్తాయి. ఇనుప జాకీలు అద్దెకు దొరకని చోట జామాయిల్ కర్రలు, వెదురు బొంగులే కప్పుకు ఆసరా. కర్రను వాడడం తప్పు కాదు. పచ్చి కర్రను, వంకర కర్రను, పొడవు చాలక నడిమిన అతికిన కర్రను వాడడమే తప్పు. వంకర కర్ర మీద బరువు పడితే వంపు మరింత పెరుగుతుంది. అతుకు ఉన్నచోట కర్ర విరగదు, జారుతుంది. ఒక కర్రను మరొక కర్రతో అడ్డంగా, ఏటవాలుగా కట్టి బిగిస్తేనే అన్నీ ఒక్కటిగా నిలుస్తాయి. సెంట్రింగ్ కూలిన చోటల్లా ఈ అడ్డకట్లు ఉన్నాయా అని ముందుగా చూస్తారంటే వాటి ప్రాముఖ్యం తెలుస్తుంది.

అంతకంటే తరచుగా విస్మరించేది కర్ర కింది నేల. గోడలు లేచేనాటికి చాలా ఇళ్లలో గచ్చు ఉండదు. పునాదిలో నింపిన మొరం వదులుగానే ఉంటుంది. కర్రను నేరుగా దాని మీద నిలిపితే 260 కిలోల బరువుకు మొన దిగబడుతుంది. వానాకాలమైతే మరీ త్వరగా దిగుతుంది. కప్పు కూలకపోయినా నడిమిలో అరంగుళమో అంగుళమో కుంగి గట్టిపడుతుంది. ఆ పల్లంలో ప్రతి వానకూ నీరు నిలుస్తుంది. కురిసే కప్పులకు నాసిరకం సిమెంటే కారణమని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కొన్నిచోట్ల కర్ర కింద వేయని ఒక చెక్క పలక.

ఇనుము ఎంతన్నది సగమే

ఇంటివారు సాధారణంగా లెక్కించేది ఇనుము తూకం. ఎన్ని క్వింటాళ్లు వేశామన్నది గొప్పగా చెప్పుకొంటారు. తూకం సరిపోయినా ఇనుము చోటు తప్పితే ప్రయోజనం లేదు. గది నడిమిన కప్పు కిందికి వంగుతుంది కనుక అక్కడ సలాక అడుగున ఉండాలి. గోడ మీదుగా వచ్చేచోట వంపు తిరగబడుతుంది కనుక సలాక పైకి లేవాలి. పైకి లేచిన సలాకలను నిలబెట్టే ఇనుప కుర్చీలు పెట్టకపోతే పోత రోజు కూలీల కాళ్ల కింద అవన్నీ అణగిపోతాయి. పొద్దున సక్రమంగా ఉన్న ఇనుము మధ్యాహ్నానికి చోటు మారుతుంది. కాంక్రీటు కప్పేస్తుంది.

దీని ప్రభావం ఎక్కువగా కనిపించేది సన్‌షేడ్లలో. గోడ నుంచి బయటికి చొచ్చుకొచ్చే సన్‌షేడ్‌కు ప్రధాన సలాకలు పైభాగానే ఉండాలి. మూడంగుళాల మందం సన్‌షేడ్‌లో పైనుండవలసిన సలాక ఒక్క అంగుళం కిందికి దిగితే దాని బలం దాదాపు సగం పోతుంది. పూర్తిగా అడుగుకు దిగితే ఆ ఇనుము ఉన్నా లేనట్టే. కర్రలు తీసిన క్షణాన సన్‌షేడ్ విరిగిపడడం, కిందనున్న కూలీ గాయపడడం వెనుక తరచుగా ఉండే కారణం ఇది. సలాకల రెండో కొన లింటెల్‌లోకి లోతుగా వెళ్లి ఉండాలి. దాని మీద గోడ బరువు పడకముందే కర్రలు తీయరాదు.

సలాకకూ చెక్కకూ నడుమ ఖాళీ మరో కీలకాంశం. భారత ప్రమాణాల సంస్థ రూపొందించిన ఐఎస్ 456 : 2000 ప్రకారం సాధారణ పరిస్థితుల్లో ఈ ఖాళీ 20 ఎం.ఎం. ఉండాలి. సన్నని సలాకలకు 5 ఎం.ఎం. మినహాయింపు ఉన్నది. ఈ పొరే ఇనుమును గాలి, తేమల నుంచి కాపాడుతుంది. సిమెంటు బిళ్లలు పెట్టవలసినచోట కంకర ముక్కలు దోపితే సలాక కదలగానే అవి జారిపోతాయి. సలాక చెక్కకు అంటుకున్నచోట పొర ఉండదు. తుప్పు అక్కడే మొదలవుతుంది. తుప్పుపట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటు పెచ్చును నెట్టేస్తుంది. పదేళ్ల కిందటి ఇళ్లలో నేడు ఊడుతున్న పెచ్చులు చాలావరకు ఈ ముప్పావు అంగుళం నిర్లక్ష్యానికి ఫలితాలు.

తొందర ఎవరిది?

ఇదంతా మేస్త్రీలకు తెలియదని కాదు. అనుభవజ్ఞులైన మేస్త్రీలకు పుస్తకం చదివినవారి కంటే ఎక్కువే తెలుసు. తెలిసినది ఆచరణలోకి రాకపోవడానికి కారణాలు డబ్బులోనూ, కాలంలోనూ ఉన్నాయి.

పథకంలో అన్నిటికంటే పెద్ద మొత్తం స్లాబుకే కేటాయించారు. అది స్లాబు పడ్డాకే వస్తుంది. ఇనుము, సిమెంటు, కంకర, సెంట్రింగ్ అద్దె, కూలి అన్నీ ముందే చెల్లించాలి. పేద కుటుంబం అప్పు తెచ్చి స్లాబు వేస్తుంది. వడ్డీ నడుస్తుంటే ప్రతి రోజూ భారమే. స్లాబు ఎంత త్వరగా పడితే బిల్లు అంత త్వరగా వస్తుందన్న ఆశ ముందుంటుంది. మరోవైపు, ఒకే ఊళ్లో పదుల ఇళ్లు ఒకేసారి గోడల ఎత్తుకు చేరినప్పుడు సెంట్రింగ్ సామగ్రికి గిరాకీ పెరుగుతుంది. ఉన్న రేకులు, జాకీలనే ఇంటింటికీ తిప్పాలి. ఈ ఇంటి కర్రలు తీస్తేగాని ఆ ఇంటికి పని మొదలుకాదు.

కర్రలు ఎప్పుడు తీయాలన్నదానికి ఐఎస్ 456లో స్పష్టమైన గడువులు ఉన్నాయి. 4.5 మీటర్ల లోపు వెడల్పు ఉన్న గది కప్పుకు ఆసరా కర్రలు కనీసం 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. 6 మీటర్ల లోపు దూలానికి 14 రోజులు. ఇవి సాధారణ పోర్ట్‌లాండ్ సిమెంటుకు వర్తించే కనీస గడువులు. నేడు మార్కెట్లో విరివిగా అమ్ముడవుతున్న పీపీసీ రకం మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. దానికి మరికొంత గడువు ఇవ్వాలి. కర్రలు తీసే వరుసకూ పద్ధతి ఉన్నది. గది కప్పుకు నడిమి నుంచి గోడల వైపుకు, సన్‌షేడ్‌కు బయటి కొన నుంచి గోడ వైపుకు తీయాలి. సామగ్రి కొరత ఒత్తిడి పెరిగినప్పుడు మొదట గాలికి పోయేవి ఈ గడువులు, ఈ వరుసలే.

చట్టం గడప వరకే

కార్మికుల రక్షణ చట్టాలు ఈ పనిచోటికి చేరవు. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో తెచ్చిన చట్టం, రూ.10 లక్షలు మించని వ్యయంతో సొంత ఇల్లు కట్టుకునేవారిని తన పరిధి నుంచి మినహాయించింది. ఆ తర్వాత 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత స్మృతి ఆ పరిమితిని రూ.50 లక్షలకు పెంచింది. సామాన్యుడిని ఇన్‌స్పెక్టర్ల బెడద నుంచి తప్పించడం దీని ఉద్దేశం. అది మంచిదే. అయితే రూ.5 లక్షల ఇంటి సెంట్రింగ్ కింద నిలబడే కూలీకి ఆ చట్టం ప్రకారం వచ్చి చూసే అధికారి ఎవరూ లేరన్నది దాని మరోవైపు. పట్టణాల్లోనూ 2020లో వచ్చిన టీఎస్-బీపాస్ విధానం 75 చదరపు గజాల లోపు స్థలంలో ఇంటికి అనుమతి అక్కరలేకుండా నమోదుతో సరిపెట్టింది. చిన్న ఇంటికి సడలింపు సహజమే. సడలింపు కాగితాలకు ఉండాలిగాని బలానికి కాదు.

పెద్ద భవనాల్లో నిర్లక్ష్యం ఎంత మూల్యం కోరుతుందో తెలుగునాట చూసిందే. చెన్నై సమీపంలోని మౌలివాక్కంలో 2014 జూన్ 28న నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వలస కూలీలు అనేకులు. భద్రాచలంలో 2025 మార్చి 26న నిర్మాణంలో ఉన్న బహుళ అంతస్తుల భవనం కుప్పకూలి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇంటిని వాటితో పోల్చడం సరికాదు. కాని లోపాన్ని కూలిన తర్వాత వెతకడం అన్నిచోట్లా ఒకే తీరుగా సాగుతున్నది.

అక్కడ.. కప్పకముందే

పోతకు ముందు పరీక్ష సాధ్యమేనా అన్న సందేహానికి జవాబు చాలా కుటుంబాలకు తమ పిల్లల ద్వారానే తెలిసి ఉంటుంది. తెలుగువారు అధికంగా స్థిరపడిన టెక్సస్, న్యూజెర్సీ వంటి అమెరికా రాష్ట్రాల్లో ఇళ్ల అస్థిపంజరం చెక్కదే. అక్కడి నివాస భవనాల నియమావళి ప్రకారం చెక్క చట్రం నిలిపి, కప్పు వేసి, నీటి గొట్టాలు, విద్యుత్తు తీగలు అమర్చిన తర్వాత, గోడలను పలకలతో మూయకముందే ఇన్‌స్పెక్టర్ వచ్చి చూడాలి. ఆయన ఆమోదించనిదే గోడ మూయరాదు. గొట్టం కోసం బరువు మోసే కర్రను ఎంత కోశారన్నది కూడా చూస్తారు. కర్ర వెడల్పులో పావు వంతుకు మించి గాడి పడరాదు. మించితే దానికి బలం చేకూర్చి మళ్లీ చూపించాలి. పునాది విషయంలోనూ గుంట తవ్వి, చట్రం బిగించి, ఇనుము అమర్చాక, కాంక్రీటు పోయకముందు పరిశీలన ఉంటుంది.

అక్కడి చెక్క ఇల్లు వేరు, ఇక్కడి కాంక్రీటు ఇల్లు వేరు. సూత్రం మాత్రం ఒకటే. కప్పిపెట్టే పని ఏదైనా కప్పకముందే చూడాలి. అక్కడ తనిఖీ పని ఆగేచోట జరుగుతుంది. ఇక్కడ తనిఖీ సొమ్ము విడుదలయ్యేచోట జరుగుతుంది. తేడా అంతా అందులోనే ఉన్నది.

ఇంజినీరు వచ్చేలోగా..

పథకంలో ఇల్లు మహిళ పేరిట మంజూరవుతుంది. పని జరిగేచోట రోజంతా ఉండేది కూడా తరచుగా ఆమే. స్లాబుకు ముందురోజు టేపు, తూకం తాడు పట్టుకుని గంటసేపు తిరిగితే ఇంజినీరు అడిగే ప్రశ్నలకు చాలావరకు జవాబు సిద్ధమవుతుంది. నిపుణులు సూచించే అంశాలు ఇవి.

* ప్రతి కర్ర నిలువుగా ఉన్నదా, కింద చెక్క పలక లేదా రాతి బిళ్ల ఉన్నదా చూడాలి. చేత్తో గట్టిగా కదిపితే కదలరాదు. కర్రకూ కర్రకూ దూరం మూడడుగులు దాటరాదు. నడిమిన అతికిన కర్రలు పక్కన పెట్టాలి.

* కర్రలన్నిటినీ కలుపుతూ అడ్డంగా, ఏటవాలుగా కట్లు ఉండాలి.

* రేకులు, పలకల నడుమ సందులు మూయాలి. సందు ఉంటే సిమెంటు పాలు కారిపోయి కంకర తేలుతుంది. పోసే ముందు చెత్త, రంపపు పొట్టు, తీగ ముక్కలు ఊడ్చివేయాలి.

* సలాకల నడుమ దూరం నక్షాలో ఉన్నట్టు ఉన్నదా అని పలుచోట్ల కొలవాలి. ప్రధాన సలాకల నడుమ దూరం ఏ పరిస్థితిలోనూ 300 ఎం.ఎం. మించరాదు.

* సలాక కింద బొటనవేలు దూరేంత సందు అన్నిచోట్లా ఉండాలి. కంకర ముక్కలు కాక సిమెంటు బిళ్లలే ఉండాలి.

* సలాకను సలాకతో అతికినచోట ఒకదానిపై ఒకటి సరిపడా పొడవున సాగాలి. 8 ఎం.ఎం. సలాకకు ఇది సుమారు అడుగున్నర. అతుకులన్నీ ఒకే వరుసలో రాకూడదు.

* పై సలాకల కింద కుర్చీలు, కూలీలు నడవడానికి పలకలు ఉండాలి. సన్‌షేడ్ ఇనుము పైభాగానే ఉన్నదా అని ప్రత్యేకంగా చూడాలి.

* విద్యుత్తు గొట్టాలు, ఫ్యాను పెట్టెలు ముందే బిగించాలి. గొట్టాలను సలాకల కింద చెక్కకు ఆనించి వేయరాదు. గొట్టం కోసం సలాక కోయరాదు.

* స్లాబుకు సిమెంటు, ఇసుక, కంకర 1 : 1.5 : 3 పాళ్లకు తగ్గరాదు. నీరు సిమెంటు బరువులో 0.55 వంతు మించరాదు. 50 కిలోల బస్తాకు ఇది 27.5 లీటర్లు. తడి ఇసుకలోని నీరు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. పోత సులువు కావాలని బక్కెట్లతో నీరు గుమ్మరిస్తే బలం తగ్గుతుంది.

* పోసిన తర్వాత సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, పీపీసీకి 10 రోజులు తడి ఆరనీయరాదు. ఎండలు, వేడి గాలుల కాలంలో 10, 14 రోజులకు పెంచాలి. మడులు కట్టి నీరు నిలపడం మేలు.

వీటిలో సగానికి పైగా అంశాలకు ఖర్చు లేదు. మిగిలినవాటికి అయ్యే ఖర్చు స్లాబు వ్యయంలో స్వల్పం. పదేళ్ల తర్వాత చేయించే మరమ్మతుతో పోలిస్తే లెక్కలోకి రాదు.

అధికారుల ఇబ్బందీ నిజమే

పోతకు ముందు తనిఖీ తప్పనిసరి చేయాలనగానే ఎదురయ్యే అభ్యంతరం సిబ్బంది కొరత. ఒక్కో ఏఈ పరిధిలో మండలమంతా ఉంటుంది. ఏజెన్సీలో ఊరికీ ఊరికీ నడుమ వాగులు, గుట్టలు. ఆయన రాకకోసం స్లాబు రెండు రోజులు ఆగితే సెంట్రింగ్ అద్దె పెరుగుతుంది. కూలీలు వేరే పనికి పోతారు. కొత్త దశ పెడితే కొత్త చేయి చాచే అవకాశం కూడా ఏర్పడుతుందన్న భయం జనంలో ఉన్నది. ఇవేవీ కొట్టిపారేయదగినవి కావు. పేదవాడి పని ఆపే తనిఖీ, మంచి ఉద్దేశంతో వచ్చినా పేదవాడికే శిక్ష అవుతుంది.

అందువల్ల కావలసినది కొత్త అడ్డంకి కాదు, ఉన్న ఏర్పాటులో చిన్న మార్పు. ఫొటోలు ఎక్కించే యాప్ ఇప్పటికే ఉన్నది. స్లాబు బిల్లుకు పోత తర్వాతి ఫొటోతో పాటు పోతకు ముందటి నాలుగు ఫొటోలు జతచేయాలన్న నిబంధన పెడితే చాలు. కర్రల కింది భాగం, టేపు పెట్టి కొలిచిన సలాకల దూరం, బిళ్లలు, సన్‌షేడ్ ఇనుము. ఈ నాలుగూ ఫొటోలో స్పష్టంగా కనిపించేవే. వాటిని కార్యాలయంలో కూర్చుని చూసి 24 గంటల్లో అభ్యంతరం చెప్పకపోతే ఆమోదించినట్టే భావించాలి. అప్పుడు పని ఆగదు. ఆధారం మిగులుతుంది. తన పని ఫొటోలో పడుతుందని తెలిస్తే సెంట్రింగ్ గుత్తేదారు కూడా జాగ్రత్త పడతాడు.

రెండోది, గ్రామంలో స్లాబులకు వారంలో ఒకటి రెండు రోజులు నిర్ణయిస్తే ఏఈ ఒకే రాకలో పది ఇళ్లు చూడగలుగుతారు. మూడోది, స్లాబుకు కేటాయించిన మొత్తంలో కొంత భాగాన్ని ఇనుము కట్టిన దశలోనే విడుదల చేయడం. అప్పుభారం తగ్గితే తొందరా తగ్గుతుంది. కర్రలను గడువుకు ముందే పీకవలసిన అవసరం తప్పుతుంది. నాలుగోది, మేస్త్రీలకే కాక సెంట్రింగ్, ఇనుము పనివారికి కూడా శిక్షణ ఇవ్వడం. హైదరాబాద్‌లో 1998 నుంచి ఉన్న జాతీయ నిర్మాణ అకాడమీ, నాక్, ఇందుకు పనికివచ్చే సంస్థ. మండల కేంద్రాల్లో కట్టిన నమూనా ఇళ్లు పూర్తయిన ఇల్లు ఎలా ఉంటుందో చూపుతున్నాయి. వాటి పక్కనే పోతకు సిద్ధమైన ఒక చిన్న సెంట్రింగ్, ఇనుము నమూనాను శాశ్వతంగా నిలిపితే లోపల ఏమి ఉండాలో కూడా జనం చూస్తారు.

ఈ మార్పులకు కొత్త చట్టం అక్కరలేదు. నిధుల పెంపు అక్కరలేదు. గృహనిర్మాణ సంస్థ ఒక ఉత్తర్వుతో, కలెక్టర్ ఒక సమీక్షతో మొదలుపెట్టవచ్చు. ఒక దఫా బిల్లు ఆలస్యమైతే లబ్ధిదారు ఫిర్యాదు చేస్తాడు, అది పరిష్కారమవుతుంది. స్లాబులో సలాక చోటు తప్పితే ఫిర్యాదు చేయడానికి అప్పటికి అధికారి బదిలీ అయి ఉంటాడు, మేస్త్రీ ఊరు మారి ఉంటాడు, పథకం పేరు కూడా మారి ఉంటుంది. ఆ కప్పు కింద పిల్లాజెల్లాతో పడుకునేది మాత్రం అదే కుటుంబం. గోడల దశకు చేరిన ఇళ్లకు స్లాబు పడకముందే ఈ నిర్ణయం జరగాలి.